అడగకుండా పెట్టిన ఫొటో

నిరుడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర మా మేనకోడలు తీరొక్క పూలతో పేర్చిన బతుకమ్మను పట్టుకొని నిలబడగా, మా బంధువొకరు ముచ్చటపడి ఫొటో తీసి, ఆమె పూర్తి పేరు, కాలేజీ పేరు రాసి, లోకమంతటికీ కనిపించేలా సామాజిక మాధ్యమంలో పెట్టారు. దసరా దాటిన కొద్ది రోజులకే ఎవరో అదే ఫొటోతో, అదే పేరుతో నకిలీ ఖాతా తెరిచి, ఆమె తోటి విద్యార్థులను డబ్బు అడగడం మొదలుపెట్టారు. తన సొంత ఖాతాను పరిచయస్తులకు తప్ప ఎవరికీ కనిపించకుండా ఉంచుకున్న పిల్ల ఆమె. "ఇందులో నేను చేసిన తప్పేంది మామయ్యా?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేశాం, స్నేహితులందరూ ఆ ఖాతాపై రిపోర్టు కొట్టారు, అది తొలగిపోయింది. నా మనసులో ప్రశ్న మాత్రం తొలగిపోలేదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా వచ్చింది. అయితే ఒక వ్యక్తి తన సొంత పనికో, ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదని అందులోని 3వ సెక్షన్ చెబుతోంది. సంస్థలను ఉద్దేశించి రాసిన చట్టం చిన్నమ్మ ఫోనుకూ పెదనాన్న ఫోనుకూ మధ్యకు వచ్చి నిలబడదని నాకు అర్థమైంది. సెట్టింగులకూ అంతే పరిమితి ఉంది. ఫేస్‌బుక్‌లో మనల్ని ట్యాగ్ చేసిన పోస్టులను ముందుగా సమీక్షించే సెట్టింగు పెట్టుకుంటే అలాంటి పోస్టు మన అనుమతి లేకుండా మన ప్రొఫైల్‌లో కనిపించదు గానీ, పెట్టినవారి ఖాతాలో అది అలాగే ఉంటుంది.

అందుకే మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా వివరంగా రాశాను. పండుగ ఫొటోకు కూడా అనుమతి అడగాలా అని పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. వారి ప్రేమను నేను శంకించలేదు. కానీ మనవడి యూనిఫాం మీద బడి పేరు, ఇంటర్ మార్కుల మెమో మీద హాల్‌టికెట్ నంబరు, కొత్త స్కూటీ నంబర్ ప్లేటు, ఇవన్నీ మన సంతోషంతోపాటు ముక్కూమొహం తెలియనివారి చేతికి చేరుతున్నాయని ఒక్కొక్క ఫొటోనూ చూపించి చెప్పాను.

ఈసారి సద్దుల బతుకమ్మ నాడు ఆ బంధువే తీసిన ఫొటోలన్నీ ముందుగా మా మేనకోడలికి చూపించారు. ఆమె చేతులూ బతుకమ్మా మాత్రమే కనిపించే ఒక్క ఫొటోను ఆమె ఎంచుకుంది. ఆయన అదొక్కటే, పేరు రాయకుండా పెట్టారు.