బీట్ వెనకాల నక్కిన గొంతు: ఇంట్లో ర్యాప్ రికార్డింగ్, నా అనుభవం

నా మొదటి ర్యాప్ పాట మిక్స్ చేసి ఒక స్నేహితుడికి పంపాను. వాడు రెండుసార్లు విని ఫోన్ చేశాడు. "రాసింది బాగుందిరా. కానీ నువ్వు పక్క గదిలో పాడుతుంటే నేను తలుపు ఇవతల నిలబడి విన్నట్టుంది" అన్నాడు. కోపమొచ్చింది. ఫోన్ పెట్టేశాక హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మళ్లీ విన్నాను. వాడన్నది నిజమే. బీట్, అంటే వెనక సంగీతం, మొహం మీదే ఉంది, నా గొంతు దాని వెనకాల ఎక్కడో నక్కి ఉంది. పైగా పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు.

నాకు కావాల్సినవి రెండు. గొంతులో వెచ్చదనం ఉండాలి, అంటే ఛాతీలోంచి వచ్చే ఆ బరువు వినపడాలి. రెండోది, ఎవరో చెవి పక్కనే నిలబడి చెప్తున్నట్టు ముందుండాలి. చాలాకాలం ఈ రెండూ ఒకటే అనుకున్నాను. నిజానికి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. బరువు కోసం కింది ఫ్రీక్వెన్సీలు పెంచితే గొంతు ముద్దయిపోయి వెనక్కి జారుతుంది. ముందుకు తేవాలని పైవి పెంచితే పలచబడి చెవులు కోస్తుంది. నేను మూడు నెలలు ఈ రెండు గోడల మధ్యే తిరిగాను. ఒక దశలో గొంతు ట్రాక్ మీద 11 ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ పనిముట్లు) ఉన్నాయి. అందులో నాలుగు, ముందున్నవి చెడగొట్టినదాన్ని సర్దడానికి పెట్టినవి.

ఒక రాత్రి విసుగొచ్చి అన్నీ ఆపేశాను. బీట్ కూడా మ్యూట్ చేసి ఒట్టి టేక్ (ఒక విడతలో రికార్డ్ చేసిన గొంతు) విన్నాను. మొదటిసారి అసలు సంగతి చెవిన పడింది. ప్రతి లైను చివర, మాట అయిపోయాక కూడా ఏదో చిన్న తోక మిగులుతోంది. అది నా గొంతు కాదు, గది. లేచి గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఖాళీ ఇంట్లో కొట్టినట్టు 'టంగ్' మని తిరిగొచ్చింది. కంప్రెసర్ చేసే పని పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్నవాటికీ వాటికీ మధ్య తేడా చెరిపేయడం. ఆ తర్వాత మొత్తం వాల్యూమ్ పెంచితే చిన్న శబ్దాలన్నీ పైకొస్తాయి. నా రికార్డింగ్‌లో ఆ చిన్న శబ్దం గదే. అంటే గొంతును ముందుకు తేవాలని నేను పెట్టిన ప్రతి కంప్రెసరూ గదినే ముందుకు తెచ్చింది.

మైక్ వెనకాల ఫోమ్ ముక్కలు అప్పటికే అంటించి ఉన్నాను, ఫొటోల్లో అందరూ అలాగే పెడతారు కాబట్టి. నాది కార్డియాయిడ్ కండెన్సర్ మైక్. అది ముందువైపే బాగా వింటుంది, వెనకవైపు చాలా తక్కువ. దాని ముందున్నది నేను, నా వెనకున్నది బోసి గోడ. అంటే అది వినని వైపు ఫోమ్ పెట్టి, వినే వైపు గోడను వదిలేశాను. రెండు మందపాటి రగ్గుల్ని నా వీపు వెనకాల, గోడకు కొంచెం ఎడంగా వేలాడదీశాను. పలచటి ఫోమ్ పై ఫ్రీక్వెన్సీల్నే పీల్చుకుంటుంది, కింద మిగిలిన గుంయ్‌మనే శబ్దాన్ని అలాగే వదిలేస్తుంది. రగ్గులు అంతకన్నా కిందివరకు పనిచేశాయి. మైక్‌ను టేబుల్ మీద నుంచి తీసి స్టాండ్‌కి ఎక్కించాను. గొంతు నేరుగా ఒకసారి, టేబుల్‌కి తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి మైక్‌ను చేరితే కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నా రేకు డబ్బా రహస్యం సగం అదే.

మిగతా సగం దూరం. దీనికోసం ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. కాదు, నిలబడ్డాను. అవే నాలుగు లైన్లు మూరెడు దూరంలో ఒకసారి, జానెడు దూరంలో ఒకసారి, బెత్తెడు దూరంలో ఒకసారి రికార్డ్ చేశాను. మూడింటినీ ఒకే వాల్యూమ్‌కి తెచ్చి పక్కపక్కన విన్నాను. మూరెడులో గది గొంతును మింగేసింది. జానెడులో మాట స్పష్టంగా ఉంది, బరువు మాత్రం అంతంత. బెత్తెడులో ఒక్కసారిగా రేడియో గొంతు వచ్చేసింది! ఇలాంటి మైకులకు దగ్గరికొచ్చేకొద్దీ బేస్ పెరిగే గుణం ఉంటుంది, ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. నేను ప్లగిన్లలో వెతుకుతున్న వెచ్చదనం మైక్ ముందు ఖాళీగా పడి ఉందన్నమాట. పైగా దూరం సగం చేస్తే నేరుగా వచ్చే గొంతు దాదాపు 6 డీబీ (డెసిబెల్, శబ్దానికి కొలత) పెరుగుతుంది. ఆ మేరకు గెయిన్ (మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది) తగ్గిస్తే గది కూడా అంత వెనక్కి పోతుంది.

కానీ బెత్తెడులో వేరే గొడవ. 'ప', 'బ', 'భ' వచ్చినప్పుడల్లా మైక్ మీద గుద్దినట్టు ఢబ్‌మంటోంది. తల అంగుళం కదిలినా గొంతు రంగు మారిపోతోంది. చివరికి పిడికిలి బిగించి బొటనవేలు చాపితే ఎంతో అంత, దాదాపు 15 సెంటీమీటర్ల దగ్గర స్థిరపడ్డాను. మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. మైక్‌ను కాస్త పక్కకు తిప్పాను, ఊపిరి నేరుగా తగలకుండా పక్కనుంచి పోయేలా. దీంతో 'స', 'శ', 'చ' కోత కూడా కొంత తగ్గింది. కాళ్లు ఎక్కడ ఉండాలో నేల మీద టేప్ అంటించాను. చూస్తే నవ్వొస్తుంది, కానీ అది లేనప్పుడు ఒక టేక్ ఇంకో టేక్‌తో కలిసేది కాదు.

ఇదంతా చేశాక కూడా ఏదో వెలితి. కారణం మైక్ కాదు, నేను. రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు లేస్తారని గొంతు తగ్గించి, ముక్కుతో పాడేవాణ్ని. ఛాతీ నుంచి రాని బరువును ఏ మైకూ పుట్టించలేదు. పగటిపూటకి మారాను. అరవలేదు, టేబుల్‌కి అవతల కూర్చున్న మనిషికి గట్టిగా చెప్తున్నంత. ఇంకో సంగతి: తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, ర్యాప్‌లో లైను చివరికి ఊపిరి అయిపోతుంది. "ఆగలేదు" అని నేననుకుంటాను, మైక్‌లో పడింది "ఆగలే" మాత్రమే. ఆ 'దు' ఎక్కడో కింద నలిగిపోయింది. అందుకే వర్స్ (ర్యాప్ చరణం) మొత్తం ఒక్క ఊపిరిలో లాగే పౌరుషం మానేశాను. రెండేసి లైన్లుగా, రెండు ట్రాకుల మీద మార్చి మార్చి రికార్డ్ చేశాను. ఫోన్‌లో లిరిక్స్ పక్కన పెట్టుకుంటే తల అటు తిరుగుతుందని, కాగితం మైక్ వెనకాలే కళ్ల ఎత్తులో కట్టాను.

గెయిన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎర్ర లైటు వెలగనంత వరకు పెంచాలని నమ్మేవాణ్ని, తప్పు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు ఎక్కువలో ఎక్కువ మైనస్ 10 డీబీ (మీటర్ నిండిపోయే హద్దు 0) దగ్గర తగిలితే చాలు.

మిక్స్‌కి వచ్చాక గొంతు ముట్టుకోకముందే బీట్ మీద పడ్డాను. అది ఒకే స్టీరియో ఫైలుగా వచ్చింది, అప్పటికే మాస్టర్ చేసి (విడుదలకు సిద్ధమన్నట్టు గట్టిగా చేసి), 0 డీబీ అంచుదాకా నింపి. అందులో ఇంకొకళ్లకు చోటే లేదు. ఇదివరకు దాని మీదకు గొంతును పెంచుకుంటూ పోయి మాస్టర్ మీటర్‌ని ఎర్రగా చేసేవాణ్ని. ఈసారి బీట్‌నే 7 డీబీ తగ్గించాను. అంతే. ఆరు నెలల్లో నేను చేసిన పనులన్నిట్లో ఎక్కువ ఫలితమిచ్చింది ఆ ఒక్క ఫేడర్ (వాల్యూమ్ మీట) అంటే నాకే సిగ్గుగా ఉంది. తర్వాత బీట్ మధ్యభాగంలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 డీబీ గుంట తీశాను, హల్లులు కూర్చునే చోటు కాబట్టి.

ఈక్యూలో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో సర్దే చోట, నా పాత తప్పు ఒకటి బయటపడింది. "గొంతులో 150 హెర్ట్జ్ కింద ఏమీ ఉండదు, కోసెయ్" అని ఎక్కడో విని అలాగే కోసేవాణ్ని. మగవాళ్ల మామూలు గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే వెచ్చదనం కావాలని ఏడుస్తూ దాన్నే కత్తిరించాను. ఇప్పుడు హై పాస్ (కిందివి కోసే ఫిల్టర్) 80 దగ్గరే ఆగుతుంది. 300 దగ్గర ముద్దగా ఉన్నచోట 3 డీబీ తగ్గించాను, 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ పెంచాను. ఒక బ్యాండ్‌ను 10 డీబీ పెంచి అటూ ఇటూ జరుపుతూ చెడ్డ ఫ్రీక్వెన్సీలు వెతికే పద్ధతి నాకు అచ్చిరాలేదు. అంత పెంచితే ఏదైనా చెడ్డగానే వినపడుతుంది. అలా వెతికే నా గొంతుకు ఆరు చిల్లులు పెట్టాను.

కంప్రెషన్‌కి ముందు ఒక చాకిరీ ఉంది. తరంగాన్ని దగ్గరగా చూస్తూ, పడిపోయిన మాటల్ని ఒక్కొక్కటిగా పైకెత్తడం. ఆ 'దు'ల్ని 3, 4 డీబీ లేపాను. విసుగు పుట్టించే పనే, కానీ ఇది చేశాక కంప్రెసర్ మీద భారం సగానికి తగ్గింది.

కంప్రెసర్ దగ్గర పెద్ద పరాభవమే జరిగింది. 1960ల నాటి 1176 అనే పాత కంప్రెసర్ యంత్రానికి సాఫ్ట్‌వేర్ రూపం ఒకటి వాడేవాణ్ని. హల్లుల పదును పోకూడదని అటాక్ (కంప్రెసర్ నొక్కడం మొదలుపెట్టే వేగం) నెమ్మదిగా పెట్టాలనుకుని నాబ్‌ను పూర్తిగా కుడివైపు తిప్పాను. వారం రోజులు "టక్కున" అన్న మాట "డగ్గున"లా ఎందుకు మెత్తబడుతోందో అర్థం కాలేదు. ఆ యంత్రంలో నాబ్ ఉల్టా, కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది. నేను పెట్టింది 20 మైక్రోసెకన్లు! పూర్తిగా ఎడమవైపు తిప్పినా 800 మైక్రోసెకన్లే, మిల్లీసెకను కూడా కాదు. చివరికి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మామూలు కంప్రెసర్‌నే తీసుకున్నాను. రేషియో (ఎంత గట్టిగా నొక్కాలన్నది) 4:1, అటాక్ 8 మిల్లీసెకన్లు, రిలీజ్ (నొక్కింది వదిలే సమయం) 60. మీటర్ ముల్లు 4 డీబీకి మించి పడకుండా. దాని తర్వాత ఎల్‌ఏ-2ఏ అనే ఇంకో పాత యంత్రం తరహా నెమ్మదైన కంప్రెసర్ ఇంకో 2, 3 డీబీ. ఒక్కదానితో 8 డీబీ నొక్కితే గొంతు పట్టుకుని పిసికినట్టుండేది, ఇద్దరి మీద పంచితే ఎవరూ పట్టుకున్నట్టు తెలియదు. 'ట' మళ్లీ 'ట'లా పలికింది.

కొంచెం టేప్ శాచురేషన్ (పాత టేప్ మీద గట్టిగా రికార్డ్ చేస్తే వచ్చేలాంటి చిన్న గరుకు) కూడా పెట్టాను. నా గొంతు 120 హెర్ట్జ్ దగ్గర మొదలైతే అది 240, 360 దగ్గర అదనపు స్వరాల్ని కలుపుతుంది. ఫోన్ స్పీకర్ 120ని పలకలేదు, కానీ పైవి వినపడితే చెవి ఆ కింది బరువును ఊహించుకుంటుంది. వినపడేదాకా పెంచి, వినపడీ వినపడనట్టు తగ్గించడం నా లెక్క. 'స', 'శ' కోతను తగ్గించే డీఎస్సర్ 6, 7 కిలోహెర్ట్జ్ మధ్య. ఇది మితిమీరితే "సరే" కాస్తా "థరే" అవుతుంది, నాలుక మందమైనట్టు. నాకు రెండు పాటలు అలా పోయాయి.

రివర్బ్ (గది మార్మోగినట్టు కలిపే ధ్వని) తీసేయడానికి మనసు ఒప్పలేదు, అది ఉంటే పాట 'పెద్దగా' ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ రివర్బ్ అంటే దూరం. నేను గదిని వదిలించుకోవడానికి పడ్డ పాట్లన్నీ పడి, మళ్లీ డబ్బా గదిలో గొంతును పెడుతున్నాను. తీసేసి 90 మిల్లీసెకన్ల చిన్న డిలే (ప్రతిధ్వని) ఒకటి, పై ఫ్రీక్వెన్సీలు కోసి, లోగొంతుకలా పెట్టాను. డబుల్స్ (అవే మాటలు మళ్లీ పాడి కలిపినవి) కూడా వర్స్ అంతా వేస్తే గొంతు విస్తరించి పలచబడింది. అందుకే ప్రాస మాటల మీద మాత్రమే, లీడ్ (ప్రధాన గొంతు) కన్నా 10 డీబీ కింద. యాడ్‌లిబ్స్ (మధ్యమధ్య వేసే అరుపులు, చిన్న మాటలు) రెండు పక్కలకి. లీడ్ ఒక్కటే మధ్యలో.

ప్రతి ప్లగిన్‌నూ ఆపి, పెట్టి చూసేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకపోతే మోసపోతాం, గట్టిగా ఉన్నదే బాగున్నట్టు వినపడుతుంది. ఆ లెక్కన చూస్తే 11లో ఐదు మిగిలాయి.

ఇంట్లో అమ్మకి ఫోన్ స్పీకర్‌లో, వాల్యూమ్ తగ్గించి వినిపించాను. "ఇదివరకు ఏమంటున్నావో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ మూడో లైన్లో ఏమన్నావురా, మింగేశావు?" అంది. ఈక్యూ ముట్టుకోలేదు. టేప్ గుర్తు మీద నిలబడి మూడో లైను మళ్లీ పాడాను.

అదే స్నేహితుడికి పంపాను. ఈసారి ఒక్కసారే విని ఫోన్ చేశాడు. "ఒరేయ్, గొంతు మరీ మీద పడుతోంది, కొంచెం తగ్గించు" అన్నాడు. అర డీబీ తగ్గించాను. వాడికి ఒకటి తగ్గించానని చెప్పాను.