గుమ్మం పక్క టేబుల్ పైన అద్దం: ఫ్రేమ్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

అద్దం కొనడానికి వెళ్తే ఎవరి కళ్లైనా ముందు ఫ్రేమ్ మీదే పడతాయి. నావీ అంతే. ఇల్లు మారిన కొత్తలో వీధి తలుపు పక్క గోడకి ఆనించి ఒక సన్నటి టేబుల్ వేసుకున్నాం, తాళాలు, కళ్లజోళ్లు, వచ్చిన ఉత్తరాలు పెట్టుకోవడానికి. దాని పైన గోడ బోసిగా ఉందని ఒక గుండ్రటి అద్దం తెచ్చాను. ఇత్తడి రంగు ఫ్రేమ్, అడ్డం 60 సెంటీమీటర్లు, చూడగానే మనసు పడ్డాను. టేబుల్ మీద పూలకుండీ పెడితే అద్దానికి అడ్డం రాకూడదని కాస్త పైకే పెట్టాలనుకున్నాం. మా ఆయన దాన్ని రెండు చేతులతో గోడకి ఆనించి పట్టుకుని "ఇక్కడ ఓకేనా" అంటే, నేను హాలు చివర నిలబడి "ఇంకొంచెం పైకి, ఆ, అక్కడే" అన్నాను. మేకు కొట్టేశాం. దూరం నుంచి చూస్తే గోడ నిండుగా, ముచ్చటగా ఉంది.

నెల తర్వాత ఒకరోజు మా అత్తగారు బయటికి బయల్దేరుతూ ఆ అద్దాన్ని దాటుకుని లోపలి గదిలోకి వెళ్లి, ముఖం చూసుకుని వచ్చారు. "ఇక్కడే అద్దం ఉందిగా అత్తయ్యా" అన్నాను. "దాంట్లో నాకు నుదురు తప్ప ఏమీ కనపడదమ్మా" అన్నారు, మామూలుగానే. నెల రోజులుగా ఆవిడ అలాగే లోపలికి వెళ్లి వస్తున్నారు, నేను గమనించనే లేదు. ఆ మాట నాకు బాగా తగిలింది. ఇంట్లో నలుగురం ఉంటే, గుమ్మం దగ్గర అందరి కోసమని పెట్టిన అద్దం ఇద్దరికే పనికొస్తోంది. మా పాపకైతే అందులో సీలింగ్ తప్ప ఇంకేమీ కనపడదు.

అప్పుడు టేపు, కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను.

అద్దంలో మన ఒంట్లో ఏ చోటైనా కనపడాలంటే, మన కంటి ఎత్తుకీ ఆ చోటు ఎత్తుకీ సరిగ్గా మధ్యలో గోడ మీద అద్దం ఉండాలి. వెలుతురు అద్దానికి ఏ కోణంలో తగిలితే అదే కోణంలో వెనక్కి వస్తుంది కాబట్టి ఇలా అవుతుంది. నిలువెత్తు మనిషి పూర్తిగా కనపడాలంటే మనిషి ఎత్తులో సగం అద్దం చాలని స్కూల్లో చదువుకున్నది కూడా ఇదే లెక్క. ఇందులో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: వెనక్కి జరిగి నిలబడితే ఇంకా ఎక్కువ కనపడుతుందనుకుంటాం. కనపడదు. నిటారుగా ఉన్న గోడ అద్దంలో మీరు ఎంత వెనక్కి వెళ్లినా మీ ఒంట్లో కనపడే భాగం అంతే ఉంటుంది, చుట్టూ ఉన్న గది మాత్రమే మారుతుంది. అంటే ఎత్తు తప్పు పెడితే, నిలబడే చోటు మార్చి దాన్ని సరిచేసుకోలేం.

మా లెక్క ఇలా వచ్చింది. మా ఆయన ఎత్తు 178, కళ్లు సుమారు 166 దగ్గర. ఆయన నడినెత్తి ఆయనకి కనపడాలంటే అద్దం పై అంచు కనీసం 172 సెంటీమీటర్లకి చేరాలి. అత్తగారి ఎత్తు 147, కళ్లు 136 దగ్గర. ఆవిడకి ఛాతీ వరకు, అంటే 110 దాకా కనపడాలంటే కింది అంచు 123కి దిగాలి. పాపకి ఎనిమిదేళ్లు, కళ్లు 114 దగ్గర, మెడ వరకు చూసుకోవాలంటే 107కి దిగాలి. మొత్తం కలిపితే 107 నుంచి 172, అంటే 65 సెంటీమీటర్ల నిలువు, పైనా కిందా కాస్త వెసులుబాటు వేసుకుంటే 75 నుంచి 80. మేం తగిలించిన గుండ్రటిది 135 నుంచి 195 దాకా ఉంది. అత్తగారి కళ్లకి సరిగ్గా ఆ గుండ్రం అడుగు అంచు వస్తోంది, అక్కడ వెడల్పు జానెడు కూడా లేదు. నుదురు తప్ప ఏమీ కనపడదని ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

అద్దం నడిమధ్య నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలనీ, టేబుల్‌కీ అద్దానికీ మధ్య 10 నుంచి 20 సెంటీమీటర్ల ఖాళీ వదలాలనీ సాధారణంగా చెప్తుంటారు. చెడ్డ సలహా కాదు, ఎక్కడ మొదలెట్టాలో తెలియనప్పుడు పనికొస్తుంది. కానీ 145 అనేది మీ ఇంట్లో ఎవరి కన్ను? మా ఇంట్లో అది నాది ఒక్కదానిదే. అందరికీ కలిపి లెక్కేస్తే మా అద్దం నడిమధ్య 135కి వచ్చింది, అంటే అందరూ చెప్పే కొలత కన్నా ఒక బెత్తెడు కిందకి. మీ ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషినీ, అందరికన్నా పొట్టి మనిషినీ గోడ దగ్గర నిలబెట్టి కళ్ల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.

వెడల్పు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. టేబుల్ వెడల్పులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా ఉంటే కంటికి బావుంటుంది. మా టేబుల్ 90 సెంటీమీటర్లు, అంటే అద్దం 60 నుంచి 67. టేబుల్ కన్నా వెడల్పు అద్దం పెడితే టేబుల్ చిన్నబోయి బొమ్మలా కనపడుతుంది, అది నాకు నచ్చదు.

ఆకారం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గుండ్రటి అద్దం అదే వెడల్పు ఉన్న చదరపు అద్దం కన్నా ఐదో వంతుకి పైగా తక్కువ చోటు చూపిస్తుంది, పోయేదంతా మూలల్లోనే పోతుంది. కింది మూలలు పోతే పొట్టివాళ్లకి భుజాలు కనపడవు, పై మూలలు పోతే పొడుగువాళ్లకి జుట్టు పక్కలు కనపడవు. ఒక్కరే ఉండే ఇంట్లో, సరిగ్గా వాళ్ల కంటి ఎత్తుకి పెట్టుకుంటే గుండ్రటిది ఎంతో బావుంటుంది. వేర్వేరు ఎత్తుల వాళ్లున్న ఇంట్లో నిలువు దీర్ఘచతురస్రమే సుఖం, అండాకారం రెండో స్థానం. ఇక బట్టలు కింది దాకా చూసుకోవడానికి ఈ అద్దం మీద ఆశ పెట్టుకోకండి. లెక్క ప్రకారం నాకు మోకాళ్ల దాకా కనపడాలి, కానీ దగ్గరగా నిలబడితే మధ్యలో టేబుల్ అడ్డొచ్చి నడుము కింద కోసేస్తుంది. దాదాపు మీటరున్నర వెనక్కి జరిగితే ఆ అడ్డు తొలుగుతుంది, ఇంకా ఎంత జరిగినా మోకాళ్లు దాటదు. నిలువెత్తు అద్దం వేరే చోట పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. అద్దం తగిలించడమంటే ఎదురుగా ఉన్నదాన్ని తెచ్చి గుమ్మంలో పెట్టడమే. ఫ్రేమ్ రంగు చూసుకున్నంత శ్రద్ధగా నేను ఇది చూసుకోలేదు. మా మొదటి అద్దం ముందు నిలబడితే భుజం పక్క నుంచి చెప్పుల స్టాండు, దాని పక్కన సగం తెరిచిన బాత్రూం తలుపు. వచ్చినవాళ్ల కళ్లు ముందు అక్కడికే వెళ్లేవి. ఇది కొనకముందే తెలుసుకోవడం చాలా తేలిక: ఇంట్లో ఉన్న చిన్న చేతి అద్దాన్ని ఒకళ్లు గోడకి బల్లపరుపుగా ఆనించి పట్టుకోవాలి, ఇంకొకళ్లు తలుపు తీసుకుని లోపలికి రావాలి, సోఫాలో కూర్చోవాలి, వంటింటి గుమ్మంలో నిలబడాలి, ప్రతి చోటు నుంచీ ఆ అద్దంలో ఏం కనపడుతోందో పైకి చెప్పాలి. మా పాప ఈ పని ఎంత ఇష్టంగా చేసిందో, "ఇప్పుడు బకెట్ కనపడుతోంది, ఇప్పుడు నాన్న" అంటూ. అలా చేస్తే టేబుల్‌ని ఒక్క మూర పక్కకి జరిపితే చాలని తేలింది, బాత్రూం తలుపు పోయి పుస్తకాల బీరువా, దాని మీద మొక్క వచ్చాయి. మూరే కదా అనుకోకండి, మీరు నిలబడ్డ చోటు మారకపోతే అద్దం జరిగిన దూరం కన్నా అందులో కనపడేది ఎక్కువ జరుగుతుంది.

ఈ పరీక్ష పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చేయండి. కిటికీకి సరిగ్గా ఎదురుగా అద్దం పెడితే గదిలోకి వెలుతురు బాగానే తిరిగొస్తుంది, కానీ దాని ముందు నిలబడ్డప్పుడు కిటికీ మీ వీపు వెనక ఉంటుంది కాబట్టి ముఖం చీకటిగా కనపడుతుంది. సాయంత్రం ఏటవాలు ఎండ పడే చోటైతే లోపలికి వచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. కిటికీ పక్కవైపు గోడ అన్నిటికన్నా మంచిది. రాత్రి సంగతి కూడా ఇంతే: వెలుగు పడాల్సింది మన ముఖం మీద, అద్దం మీద కాదు. నడినెత్తిన ఉన్న సీలింగ్ లైట్ ఒక్కటే అయితే కళ్ల కింద నీడలు పడి మనిషి అలసిపోయినట్టు కనపడతారు. టేబుల్ మీద పక్కగా, ముఖం ఎత్తుకి దగ్గరగా ఒక ల్యాంప్ ఉంటే చాలా తేడా, రెండు పక్కలా రెండుంటే ఇంకా మేలు.

గాజు విషయంలో మోసపోవడం తేలిక, ఎందుకంటే షాపులో వరసగా పెట్టిన అద్దాలన్నీ ఒకేలా మెరుస్తాయి. అందులో తలుపు అంచు లాంటి నిటారు గీత ఏదైనా కనపడేలా నిలబడి తలని మెల్లగా అటూ ఇటూ ఊపండి. గీత నీళ్లలో లాగా వంకర్లు తిరిగిందంటే గాజు పల్చనిదో, ఫ్రేమ్‌లో బిగించేటప్పుడు వంగిందో. 3 మిల్లీమీటర్ల గాజు చిన్న అద్దాలకి పరవాలేదు, ఈ సైజుకి 4 అయినా ఉండాలి, 5 ఉంటే నిశ్చింత. తెల్లటి కాగితం ఎదురుగా పట్టుకుంటే గాజులో ఎంత పచ్చదనం ఉందో తెలుస్తుంది, అది గాజులోని ఇనుము వల్ల వచ్చే రంగు. కొద్దిగా ఉండటం మామూలే, ముఖం పాలిపోయినట్టు కనపడేంత ఉంటే వద్దు. యాక్రిలిక్ అద్దం తేలిక, గాజులా ముక్కలవదు, కానీ గీతలు పడుతుంది, వంగుతుంది. గుమ్మం దగ్గర ముఖం చూసుకోవడానికి నేనైతే తీసుకోను.

వెనక వైపు కూడా తిప్పి చూడాలి. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గాజు మీద వెండిని రసాయనాలతో పూతగా నిలిపే పద్ధతి కనిపెట్టాడు, అంతకుముందు తగరం, పాదరసం కలిపి వాడేవాళ్లు. ఇప్పటికీ మంచి అద్దాల వెనక ఉండేది వెండి పూతే. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు, దాని మీద వేసిన పెయింటే దానికి రక్షణ. ఆ పెయింట్ అంచుల్లో లేచినా, గీసుకుపోయినా తడి లోపలికి చేరి నల్లటి మరకలు మొదలవుతాయి. గుమ్మం దగ్గరంటే తడి గొడుగులు, తడి చేతులు ఎలాగూ ఉంటాయి. అందుకే తుడిచేటప్పుడు ద్రవాన్ని అద్దం మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవాలి, లేకపోతే అది కిందికి జారి ఫ్రేమ్ సందులో నిలబడుతుంది.

బరువు మాట మర్చిపోవద్దు. గాజు ఒక చదరపు మీటరుకి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మేం చివరికి తీసుకున్నది 60 × 80, మందం 5, అంటే గాజే 6 కిలోలు, ఫ్రేమ్ వేరే. అలాంటిదాన్ని ఒక్క మేకుకి వేలాడదీయడం నాకు ఇప్పుడు తలుచుకుంటేనే టెన్షన్. రెండు వైపులా రెండు కొక్కేలు, గోడకి డ్రిల్ వేసి ప్లగ్గులు, స్క్రూలు పెట్టించాం. లోపల బోలుగా ఉండే బోర్డు గోడైతే మామూలు ప్లగ్గు ఆగదు, దానికి తగ్గ యాంకర్ వేయాలి, లేదా లోపలి చట్రంలోకి స్క్రూ దిగాలి. పిల్లలున్న ఇంట్లో టేబుల్ మీద ఊరికే ఆనించి పెట్టడం మాత్రం అస్సలు వద్దు. డ్రిల్ వేసే ముందు పాత పేపర్లు అతికించి అద్దం సైజుకి కత్తిరించి రెండు రోజులు గోడకి టేపుతో అంటించి ఉంచాను, ఎత్తు విషయంలో చివరి సందేహం అక్కడే తీరింది.

ఫ్రేమ్ చివర్లో ఎంచుకున్నాను, టేబుల్ చెక్క రంగుకి దగ్గరగా, సాదాది. ఇత్తడి గుండ్రటి అద్దం పాప గదిలోకి వెళ్లింది, దాని కంటి ఎత్తుకి. పూలకుండీ ఇప్పుడు టేబుల్ మధ్యలో కాకుండా ఎడమ చివర ఉంది. ల్యాంప్ కుడివైపు ఒక్కటే పెట్టగలిగాం, ఎడమవైపు ప్లగ్ పాయింట్ లేదు, అటు చెంప మీద ఇంకా కాస్త నీడ పడుతోంది. దానికి గోడకి బిగించే బ్యాటరీ లైటు ఒకటి చూస్తున్నాను, వెలుగు మరీ తెల్లగా కాకుండా కాస్త పసుపుగా ఉండేది.