కంటైనర్ ఇల్లు కట్టుకోవాలనుకుంటే ముందు గోడల సంగతి చూడండి

ఓడల్లో సరుకు పంపే ఇనుప కంటైనర్లతో కట్టిన ఇళ్ల ఫొటోలు చూస్తూ కూర్చుంటే నాకు టైమే తెలియదు. రంగు వేసిన ఇనుప డబ్బా, దానికి నిలువెత్తు అద్దం, లోపల చెక్క గోడలు, ఓ మూల మంచం... ఇలాంటిదొకటి కట్టేసుకుని హాయిగా ఉండిపోవాలనిపిస్తుంది, నిజంగా ఉండొచ్చు కూడా. కాకపోతే డబ్బా కొనడం అందులో అన్నిటికన్నా తేలికైన పని, అసలు ఖర్చూ శ్రమా ఆ తర్వాతే మొదలవుతాయి.

1956లో మాల్కమ్ మెక్‌లీన్ అనే అమెరికా ట్రక్కుల వ్యాపారి ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 డబ్బాలు ఎక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు, ఇప్పటి కంటైనర్ల కథ అక్కడ మొదలైంది. సరుకు త్వరగా ఎక్కాలి, దిగాలి, డబ్బా మీద డబ్బా పేర్చగలగాలి, అంతే, అందులో మనిషి ఉంటాడని ఎవరూ అనుకోలేదు. అందుకే దాని బలమంతా నాలుగు మూలల స్తంభాల్లో పెట్టారు, పైన ఎన్ని డబ్బాలు పెట్టినా బరువు ఆ మూలల మీదుగానే కిందకి దిగుతుంది. మధ్యలో ఉండే మడతల రేకు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కానీ డబ్బా పక్కకి ఒరగకుండా పట్టుకునేది అదే. కిటికీ కోసం, పెద్ద అద్దం కోసం ఆ రేకు కోసేస్తే చుట్టూ ఇనుప బాక్స్ పైపుతో ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాల్సిందే, ఎంత కోస్తే అంత ఇనుము మళ్ళీ పెట్టాలి, అక్కడే బడ్జెట్ తడిసి మోపెడవుతుంది. ఇంకొకటి, కొంతమంది దీన్ని భూమిలో పూడ్చేద్దామనుకుంటారు, దయచేసి వద్దు, పక్క నుంచి మట్టి నెడితే తట్టుకునేలా ఆ గోడలు చేయలేదు.

వేడి, చెమ్మ. నన్నడిగితే కంటైనర్ ఇల్లు బాగుంటుందా ఉండదా అన్నది ఈ రెండిటి దగ్గరే తేలిపోతుంది. ఎండ పడితే రేకు కాలిపోతుంది, ఆ వేడి నేరుగా లోపలికి వస్తుంది, అది అందరికీ తెలిసిందే. చెమ్మ సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. చల్లటి రాత్రి రేకు చల్లబడి ఉంటుంది, లోపల మనం వదిలే ఊపిరి, వంట ఆవిరి, స్నానం ఆవిరి ఎక్కడికి పోతాయి? చెక్క ప్యానెల్ సందుల్లోంచి వెనక్కి వెళ్ళి ఆ రేకుకి తగిలి నీటి బొట్లవుతాయి. బయటికి గోడ శుభ్రంగానే కనిపిస్తుంది, వెనకాల మాత్రం తుప్పూ బూజూ పెరుగుతూనే ఉంటాయి, మనకి తెలిసేది వాసన వచ్చాకే. అందుకే లోపల ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర) చేయించేవాళ్ళకి నేను చెప్పేది క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్, అంటే స్ప్రే చేస్తే నురగలా ఉబ్బి గట్టిపడేది, అది రేకుకి అతుక్కుపోయి గాలి ఆడే సందు ఉంచదు. వేడి ప్రాంతంలో అయితే నాకు బయట నుంచి ఇన్సులేషన్ చేయించడమే ఇష్టం, ఆ మడతల రేకు అందం కనపడదు, అవును, కానీ లోపల వెడల్పు మిగులుతుంది. పైన ఖాళీ వదిలి ఇంకో కప్పు వేసి ఆ మధ్యలోంచి గాలి ఆడేలా చేస్తే ఎండ నేరుగా డబ్బా మీద పడదు. ఎదురెదురు కిటికీలు, వంట దగ్గరా బాత్రూంలోనూ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎలాగూ ఉండాలి.

వెడల్పు ఎందుకు అంటున్నానంటే, బయట 8 అడుగులు ఉన్న డబ్బా లోపల ఏడున్నర కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, రెండు వైపులా ఫోమూ ప్యానెలూ వేస్తే ఏడుకి దగ్గర పడుతుంది, మంచం అడ్డంగా వేస్తే దాటి వెళ్ళడానికి దారే ఉండదు. ఎత్తు కూడా అంతే, మామూలుది ఎనిమిదిన్నర అడుగులు, హై క్యూబ్ అయితే తొమ్మిదిన్నర, ఇంటికి హై క్యూబే తీసుకోండి, ఆ ఒక్క అడుగే వైరింగ్‌కీ ఇన్సులేషన్‌కీ చోటిస్తుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో కీట్వొనెన్ అని దాదాపు వెయ్యి గదులతో విద్యార్థుల కోసం కట్టారు, కంటైనర్ ఇళ్ల గురించి ఎవరు మాట్లాడినా దాని పేరు చెప్తారు. అవి సరుకు మోసి మోసి వచ్చిన పాత డబ్బాలు కావు, నివాసం కోసమే ఫ్యాక్టరీలో సిద్ధం చేసి తెచ్చిన యూనిట్లు, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పాత డబ్బా కొంటుంటే దాని లోపలి నేల కూడా చూడాలి. 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉంటుంది, దానికి చాలావరకు పురుగుల మందు పట్టించి ఉంటారు, తలుపు మీదున్న ప్లేటులో చెక్కకి ఏ మందు వాడారో చాలాసార్లు రాసి ఉంటుంది. ఆ ప్లైవుడ్ పీకేయడం మేలు, కుదరకపోతే ఎపాక్సీ పూతతో పూర్తిగా మూసేయండి. తర్వాత పట్టపగలు లోపలికి వెళ్ళి తలుపులు వేయించుకుని పైకి చూడండి, చిల్లులుంటే వెలుతురు చుక్కల్లా కనిపిస్తుంది, బయట ఒక మనిషిని తప్పకుండా ఉంచుకోండి, ఆ తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. తలుపు బిగుసుకుపోయి కష్టంగా మూతపడుతుంటే ఫ్రేమ్ వంకరపోయి ఉండొచ్చు, అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే తీసుకోను.