ఒకే బ్రాడ్‌బ్యాండ్, రెండు కంప్యూటర్లు: మారతహళ్లిలో నా అనుభవం

ఇంట్లో రెండో మనిషి కూడా కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెడితే, రెండో కనెక్షన్ తీసుకోమనే సలహా ముందుగా వస్తుంది. మా ఆపరేటర్ తరఫున వచ్చిన అబ్బాయీ అదే చెప్పాడు. అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. ఉన్న లైన్‌ను సరిగ్గా పంచుకుంటే ఇద్దరికీ హాయిగా సరిపోతుంది. బెంగళూరులో అద్దె ఇళ్లలో ఉంటున్న మనవాళ్లకు చాలామందికి ఇదే పరిస్థితి కాబట్టి, మేం ఏం చేశామో వివరంగా రాస్తున్నాను.

మాది మారతహళ్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. హైదరాబాదులోని ఒక ఆఫీసుకు నేను ఇంటి నుంచే లెక్కలు చూస్తాను. తమ్ముడు అనంతపురంలో చదువు ముగించి, వీడియో ఎడిటింగ్ పనులు చేసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు, తన డెస్క్‌టాప్‌తో సహా. మా భవనంలో ఆపరేటర్ ఫైబర్ మెట్ల పక్కనున్న పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ఆ పెట్టెలోని స్విచ్ (ఒక లైన్‌ను చాలా కేబుళ్లతో కలిపే పరికరం) నుంచి ఒక్కో ఫ్లాటుకు ఒక్కో ల్యాన్ కేబుల్ వస్తుంది. దాన్ని నా ల్యాప్‌టాప్‌కే పెట్టుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి వాడుకునేదాన్ని. ఈ లాగిన్ పద్ధతిని పీపీపీఓఈ అంటారు. మా ప్లాన్‌లో డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), అప్‌లోడ్ 20. ఈ రెండో అంకె సంగతి తర్వాత చెబుతాను.

కేబుల్‌ను రెండు కంప్యూటర్లకు పంచడానికి ఒక చిన్న స్విచ్ కొంటే చాలని కొందరు చెబుతారు. చాలదు. స్విచ్ కంప్యూటర్లను కలుపుతుందే గానీ లాగిన్‌ను పంచదు. ఆపరేటర్ ఒక ఖాతాకు ఒక సమయంలో ఒక్క లాగిన్‌నే ఒప్పుకుంటాడు. నేను లోపల ఉండగా తమ్ముడు ప్రయత్నిస్తే విండోస్ 691 ఎర్రర్ చూపించేది. మనకు కావలసింది రౌటర్. అది మన తరఫున ఒక్కసారి లాగిన్ అయి, లోపల ఎన్ని కంప్యూటర్లున్నా వాటికి తలా ఒక చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే నంబరు) ఇస్తుంది.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి రౌటర్, కేబుల్, దాని చివర్లకు పెట్టే ఆర్‌జే45 కనెక్టర్లు, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ తెచ్చుకున్నాం. ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. రౌటర్ మీద ఉన్న అన్ని పోర్టులూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులేనా అని అడిగి కొనండి. డబ్బా మీద వైఫై వేగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వెనక పోర్టులు మాత్రం 100 ఎంబీపీఎస్‌వి అయి ఉండవచ్చు. 200 ప్లాన్‌కు అలాంటి రౌటర్ పెడితే సగం డబ్బు ప్రతి నెలా వృథాయే.

ఆపరేటర్ కేబుల్ రౌటర్‌లో బయటి లైన్ కోసం ఉండే వ్యాన్ పోర్టులోకి, మా రెండు కంప్యూటర్ల కేబుళ్లు ల్యాన్ పోర్టుల్లోకి. సెట్టింగుల పేజీ తెరిచి పీపీపీఓఈ ఎంచుకుని వివరాలు నింపినా లైన్ లేవలేదు. మా ఆపరేటర్ వ్యవస్థ మొదట లాగిన్ అయిన యంత్రం మ్యాక్ చిరునామాను గుర్తు పెట్టుకుని ఇంకొకదాన్ని రానివ్వదు. మ్యాక్ చిరునామా అంటే నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వేసే 12 అంకెలు, అక్షరాల గుర్తు. దీనికి రెండు దారులున్నాయి. రౌటర్‌లోని మ్యాక్ క్లోన్ అనే చోట ల్యాప్‌టాప్ గుర్తును రాయవచ్చు, లేదా ఆపరేటర్‌కు ఫోను చేసి పాతది తీసేయమనవచ్చు. నేను ఫోనే చేశాను. పని అక్కడికక్కడే అయిపోయింది.

లైన్ లేచాక నా ల్యాప్‌టాప్‌కు 192.168.0.2, తమ్ముడి కంప్యూటర్‌కు 192.168.0.3 వచ్చాయి. 192.168తో మొదలయ్యే చిరునామాలను ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని 1990ల్లోనే పక్కన పెట్టారు. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. రౌటర్ రెండు కంప్యూటర్ల ప్యాకెట్లనూ (చిన్న ముక్కలుగా వెళ్లే డేటాను) తన చిరునామాతో పంపి, ఏ జవాబు ఎవరిదో ఒక పట్టికలో రాసుకుని తిరిగి అందిస్తుంది. నాకు ఆసక్తి కలిగించిన విషయం ఇంకొకటి ఉంది. రౌటర్ బయటి వైపు చిరునామా చూస్తే అది 100.64తో మొదలైంది. ఐపీవీ4 అనే ఇంటర్నెట్ చిరునామాల పద్ధతిలో మొత్తం చిరునామాలే సుమారు 429 కోట్లు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి 2011 ఏప్రిల్ నుంచే వాటిని రేషన్‌లా కొలిచి ఇస్తున్నారు. అందుకే ఆపరేటర్లు ఎన్నో ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక పెడతారు. దానికోసం 2012లో కేటాయించినవే ఈ 100.64 చిరునామాలు. అంటే మేం ఇంట్లో చేసిన పనినే ఆపరేటర్ ఊరంతటికీ చేస్తున్నాడు.

తమ్ముడి గది ఫ్లాటులో ఆ చివర. వైఫై సంగతి త్వరగానే తేలిపోయింది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 మూడే, ఆ మూడూ చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో నిండిపోయాయి. 5 గిగాహెర్ట్జ్ సంకేతం రెండు కాంక్రీటు గోడలు దాటేసరికి నీరసించింది. కేబులే లాగాలి. ఇంటి ఓనరు గారు ఇక్కడివారే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "గోడలకు రంధ్రాలు మాత్రం వేయవద్దమ్మా" అన్నారు. తలుపు మూలగుండా, నేల అంచున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో తీసుకుపోతామంటే ఒప్పుకున్నారు. పక్క ఫ్లాటు కుర్రవాళ్లకు కూడా ఒక కేబుల్ ఇవ్వమని ఆయనే అడిగారు. అది కుదరదని మర్యాదగా చెప్పాను. కనెక్షన్ నా గుర్తింపు పత్రాల మీద ఉంది, దాని మీద ఎవరు ఏం చేసినా జవాబు చెప్పవలసింది నేనే.

కేబుల్ చివర్లు భవనం ఎలక్ట్రీషియన్ బిగించి ఇచ్చాడు. నెట్ వచ్చింది, తమ్ముడు సంతోషించాడు. కానీ వాడి కంప్యూటర్‌లో వేగం ఎప్పుడు కొలిచినా 94 దగ్గరే ఆగుతోంది. నా దగ్గర మాత్రం దాదాపు 200. లైన్ రద్దీ అయితే అంకె పైకీ కిందకీ ఆడాలి. కదలకుండా 94 దగ్గరే నిలబడిందంటే అది 100 ఎంబీపీఎస్ లింకు, డేటాతో పాటు వెళ్లే చిరునామాల వంటి అదనపు వివరాలు పోను మిగిలేది అంతే. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100కు అందులో నాలుగు చాలు, 1, 2, 3, 6 పిన్నులవి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కనెక్టర్‌ను వెలుతురుకు పట్టి చూశాం. నీలం తీగ మిగతావాటి కంటే పొట్టిగా, పిన్ను అంచు దాకా చేరకుండా ఉంది. ఆ చివర కత్తిరించి మళ్లీ పేర్చాం. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇదే వరుస రెండు చివరలా ఉండాలి. ఎనిమిదింటినీ వేళ్ల మధ్య చదును చేసి, కొసలు ఒకే గీతలో కత్తిరించాకే కనెక్టర్‌లోకి తోయాలి. బిగించగానే వేగం 190 దాటింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. తమ్ముడు ముగించిన వీడియోను అప్‌లోడ్‌కు పెడితే, అదే సమయంలో ఆఫీసు కాల్‌లో ఉన్న నా మాట తెగిపోయేది. "మీ మాట వినబడటం లేదండీ" అని అవతలివాళ్లు చెబుతూనే ఉన్నారు. డౌన్‌లోడ్ వేగం కొలిస్తే బాగానే ఉంది. కమాండ్ విండోలో గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి చూశాను. మామూలుగా పది పన్నెండు మిల్లీసెకన్లు. వాడి అప్‌లోడ్ మొదలవగానే వందలకు ఎగబాకింది, ఆపగానే కిందికి దిగింది. ఆ 20 ఎంబీపీఎస్ మొత్తాన్నీ ఒక్క ఫైలు నింపేస్తోంది. దర్శిని హోటల్ కౌంటర్ దగ్గర నలభై పార్సిళ్లు చెప్పిన మనిషి వెనక, ఒక్క కాఫీ కోసం వచ్చినవాడు నిలబడినట్టు, నా గొంతు మోసే చిన్న ప్యాకెట్లు వాడి పెద్ద వరుస వెనక ఆగిపోతున్నాయి. పెద్ద ప్లాన్ కొన్నా ఈ వరుస పోతుందన్న హామీ లేదు, ఎందుకంటే ఫైలు ఎంత దారి ఇస్తే అంతా ఆక్రమిస్తుంది.

దీనికి మంచి విరుగుడు 2012లోనే వచ్చింది. కాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ప్రతిపాదించిన కోడెల్ అనే పద్ధతి, వరుసలో ప్యాకెట్లు ఎంతసేపు ఆగుతున్నాయో చూసి వరుసను పెరగనివ్వదు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ ఒక్కో ప్రవాహాన్ని విడిగా ఉంచి, చిన్నవాటికి ముందు దారి ఇస్తుంది. మా రౌటర్‌లో దాని సొంత సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలుంది కాబట్టి అది వేసి, అందులో ఈ వరుసను అదుపు చేసే ఎస్‌క్యూఎం అనే భాగంలో ఎఫ్‌క్యూ కోడెల్ ఎంచుకుని, అప్‌లోడ్ పరిమితి 18 అని పెట్టాను. పూర్తి 20 ఇవ్వకపోవడంలోనే కిటుకు ఉంది. పరిమితి లైన్ కంటే కాస్త తక్కువ ఉంటేనే వరుస ఆపరేటర్ పెట్టెలో కాక మన రౌటర్‌లో ఏర్పడుతుంది, మన మాట వింటుంది. ఇప్పుడు తమ్ముడి అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ ఇరవై దాటడం లేదు. వాడి ఫైలు కొద్ది నిమిషాలు ఆలస్యంగా వెళ్తుంది, అంతే. మీ రౌటర్‌లో ఎస్‌క్యూఎం లేకపోతే క్యూఓఎస్ (ఏ డేటాకు ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగు) పేరుతో ఉన్న చోట అప్‌లోడ్ హద్దు పెట్టి, పింగ్‌తో సరిచూసుకోండి. చాలావరకు పనిచేస్తుంది.

ఇక కరెంటు. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాం, ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఉంది. అయినా కరెంటు పోతే మెట్ల దగ్గరి పెట్టెలోని స్విచ్ ఆగిపోయి లైన్ పోయేది. లిఫ్టుకు ఉన్న జనరేటర్ లైన్ నుంచి ఆ పెట్టెకు ఒక ప్లగ్ పాయింటు ఇప్పించమని ఓనరు గారిని అడిగితే, ఇన్ని ఫ్లాట్లకు పనికొచ్చేదే కదా అని మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు.