మానవ ప్రత్యుత్పత్తి పాఠం నాకు ఎలా పట్టుబడిందంటే

ఇంటర్ సెకండియర్‌లో ఈ పాఠం వచ్చేసరికి మా క్లాసంతా తలలు దించుకుంది. సార్ బోర్డు మీద ఒక్క బొమ్మ కూడా వేయలేదు. "సులువే, మీరే చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్ళిపోయారు. అప్పుడు నాకూ హాయిగానే అనిపించింది. ఆ ఏడాది నీట్‌లో ఈ పాఠం నుంచి వచ్చిన రెండు ప్రశ్నలు తప్పాను. ఒక్కో తప్పుకు రావాల్సిన 4 మార్కులు పోతాయి, ఉన్నవాటిలోంచి ఇంకో 1 పోతుంది. సిగ్గుపడినందుకు 10 మార్కులు పోయాయి. 720లో 360 బయాలజీవే అయిన పరీక్షలో ఇది చిన్న నష్టం కాదు.

మాది మదనపల్లె. లాంగ్ టర్మ్ ఏడాది బెంగళూరులో, కె.ఆర్.పురంలో పిన్ని వాళ్ళింట్లో ఉండి చదివాను. పొద్దున మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులోని లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఫిజిక్స్, కెమిస్ట్రీ అక్కడే. ఈ పాఠం మాత్రం రాత్రి పిన్ని దగ్గర. ఆమె ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సు.

మొదటి రోజు నేను "అది", "ఇది" అంటూ నసుగుతుంటే పిన్ని అనపకాయలు ఒలుస్తూ తలెత్తి చూసింది. "పేరు పెట్టి చెప్పవే. వృషణం అంటే వృషణం, గర్భాశయం అంటే గర్భాశయం. నోటితో అనలేనిదాన్ని పరీక్షలో ఎలా గుర్తుపడతావు?" అంది. ఆ రోజు నుంచి ప్రతి పదం పైకి చదివాను. వారం తిరిగేసరికి బెరుకు పోయింది. మీలో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే ముందు అది వదిలించుకోండి. చదువు ఆ తర్వాతే ఎక్కుతుంది.

పురుష వ్యవస్థను నేను దారి పట్టుకుని నేర్చుకున్నాను. ఒక్కో వృషణంలో దాదాపు 250 లంబికలు (చిన్న గదులు), ఒక్కో లంబికలో 1 నుంచి 3 శుక్రోత్పాదక నాళికలు. శుక్రకణం అక్కడ బయలుదేరి రీటి టెస్టిస్, వాసా ఎఫరెన్షియా, ఎపిడిడైమిస్, వాస్ డిఫరెన్స్ అనే నాళాల మీదుగా వెళుతుంది. ఈ వరుసను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకీ చెప్పగలగాలి. వృషణాలు శరీరం బయట ఎందుకున్నాయో కూడా దీనితోనే కలిపి చదవండి: శుక్రకణాలు తయారు కావడానికి శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 2.5 డిగ్రీలు తక్కువ కావాలి.

నేను ఎక్కువ రోజులు తన్నుకులాడింది కణ విభజనతో. శుక్రకణాలుగా విడిపోయే ప్రాథమిక స్పెర్మటోసైట్‌లో 46 క్రోమోజోములు. క్రోమోజోముల సంఖ్యను సగం చేసే మొదటి క్షయకరణ విభజన అయ్యాక వచ్చే ద్వితీయ స్పెర్మటోసైట్‌లో 23. రెండో విభజన తర్వాత స్పెర్మటిడ్‌లోనూ 23. రెండు చోట్లా 23 అయితే రెండో విభజనతో పనేమిటని నాకు అర్థం అయ్యేది కాదు. ద్వితీయ స్పెర్మటోసైట్‌లో ఒక్కో క్రోమోజోముకు ఇంకా రెండు నకలు పోగులు, అంటే క్రొమాటిడ్‌లు ఉంటాయి, రెండో విభజన వాటిని విడదీస్తుంది. ఇది తెలిశాక లెక్కలు భయపెట్టలేదు. 100 శుక్రకణాలకు 25 ప్రాథమిక స్పెర్మటోసైట్‌లు చాలు. 100 అండాలకు మాత్రం అండంగా మారే 100 ప్రాథమిక ఊసైట్‌లు కావాలి, ఎందుకంటే అక్కడ మిగతావి పోలార్ బాడీలు అనే చిన్న కణాలుగా పోతాయి. పేర్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. స్పెర్మటిడ్ శుక్రకణంగా రూపు మారడం స్పెర్మియోజెనెసిస్. తయారైన శుక్రకణాలు నాళికలోంచి విడుదల కావడం స్పెర్మియేషన్.

అండం సంగతి నాకు బస్సులో వెలిగింది. మదనపల్లె బస్సు బెంగళూరు చేరేలోపు చింతామణిలో ఒకసారి, హొస్కోటలో ఒకసారి ఆగుతుంది. అండం కూడా రెండుసార్లు ఆగుతుంది. మొదటి స్టాపు మొదటి ప్రొఫేజ్, అంటే మొదటి విభజన ఆరంభ దశ. ఆడశిశువు ఇంకా తల్లి కడుపులో ఉండగానే ప్రాథమిక ఊసైట్ అక్కడ ఆగిపోతుంది, కొన్ని ఏళ్ళు అలాగే ఉంటుంది. పుట్టాక ఊసైట్‌లకు ముందు దశ కణాలైన ఊగోనియాలు కొత్తగా చేరవు, ఉన్నవే తగ్గుతూ వస్తాయి. యుక్తవయసుకు ఒక్కో అండాశయంలో 60,000 నుంచి 80,000 ప్రాథమిక పుటికలు (ఊసైట్‌ను చుట్టి ఉండే సంచులు) మిగులుతాయి. తృతీయ పుటికలో ఉండగా బండి మళ్ళీ కదిలి, మొదటి విభజన పూర్తి చేస్తుంది. రెండో స్టాపు రెండో మెటాఫేజ్, అంటే రెండో విభజన నడిమి దశ. అండోత్సర్గంలో బయటికి వచ్చేది ఈ ద్వితీయ ఊసైటే, పూర్తయిన అండం కాదు. శుక్రకణం లోపలికి వస్తేనే ఇక్కడి నుంచి బండి కదులుతుంది. రాకపోతే ప్రయాణం అక్కడితో సరి. నేను మొదటిసారి తప్పిన రెండు ప్రశ్నలూ ఈ స్టాపుల దగ్గరివే.

హార్మోన్‌ల కోసం విడిగా టేబుల్ రాయలేదు. పిట్యూటరీ హార్మోన్‌లలో ఎల్‌హెచ్ వృషణంలోని లీడిగ్ కణాల మీద, ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలి కణాల మీద పనిచేస్తాయని బొమ్మ పక్కనే రాసుకున్నాను. రుతుచక్రం గ్రాఫ్‌ను మాత్రం చూడకుండా గీయగలిగేదాకా గీశాను. 14వ రోజు దగ్గర ఎల్‌హెచ్ శిఖరం, ఆ వెంటనే అండోత్సర్గం, తర్వాత పగిలిన పుటికతో ఏర్పడే కార్పస్ లూటియం నుంచి ప్రొజెస్టెరాన్.

పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరవలేదు. తెల్లకాగితం మీద గీత గీసి, రెండు స్టాపులు పెట్టి, డ్యూటీ నుంచి వచ్చిన పిన్నికి చూపించాను. "మొదటి పోలార్ బాడీ ఏదే?" అంది. గీసి ఇచ్చాను.