వదిన అడిగిన మాట

పదకొండున్నర అయింది. ఆయన గురక పెడుతున్నడు. నాకు నిద్ర వస్తలేదు, వదిన మాట చెవుల్నే తిరుగుతున్నది.

పొద్దున చిన్నదాన్ని చెకప్పుకు తీసుకపోయిన. కడుపుతోని ఉన్నది, 28వ వారం. నెత్తురు కణాల మీద డి అనే గుర్తు లేకుంటే నెగెటివ్, ఉంటే పాజిటివ్. దాని నెత్తురూ నా లెక్కనే నెగెటివ్, అల్లుడిది పాజిటివ్. అందుకే యాంటీ-డి సూది. టోకెన్ 17 చేతిలవెట్టి, 30 దాటినంక పిలిచిన్రు. మధ్యల మందుల కంపెనీ పిలగాండ్లు బ్యాగులేసుకొని లోపలికి పోవుడు, వచ్చుడు. ప్లాస్టిక్ కుర్చీల కూసోని నడుం పట్టేసింది. పక్కన వదిన, పిలవకున్నా వచ్చింది. "నెత్తురు పడలేదంటే తల్లి తరఫు దోషమే" అని అందరికీ వినవడేటట్టు అన్నది. బిడ్డ గుండె చప్పుడు విన్నం, బాగుంది. ఆ సంతోషం కూడా ఈ మాట కిందనే పోయింది.

పెద్దోడు 1991ల పుట్టినప్పుడు ఈ సూది ఇక్కడ దొరకలే. వాడు పాజిటివ్. కాన్పప్పుడు వాని నెత్తురు నాల కలిసి, నా ఒళ్లు దాని మీద యాంటీబాడీలు తయారుచేసుకోకముందే, 72 గంటల్ల వెయ్యాలె. బాపు కాజీపేటల బండెక్కి సికింద్రాబాద్ పోయిండు. తిరిగొచ్చేటప్పుడు టీ ఫ్లాస్కుల ఐసు ముక్కలు, వాటి నడుమ ప్లాస్టిక్ కవర్ల చుట్టిన చిన్న సీసా. ఫ్లాస్కును ఒళ్లె పెట్టుకొని వచ్చిండట, జనరల్ డబ్బల నిలవడి ఉన్నోళ్ల మోచేతులు తగులుతయని. మూత తియ్యంగనే చాయి వాసన. నర్సమ్మ నవ్వింది. బాపు నవ్వలే, "సల్లగనే ఉన్నది గదమ్మా?" అని మూడుసార్లు అడిగిండు.

సరే, వదిన. ఇంటికొస్తుంటే ఆటోల అడిగింది: "సూదిల ఉన్నది గా యాంటీబాడీయేనట గద? పిల్లకు పడనిదాన్నే మళ్ల ఎక్కిచ్చుడేంది?" నేను నోరు మూసుకున్న. ఇప్పుడు చదివితే, ఆమె అడిగింది తప్పు కాదు. యాంటీబాడీలల్ల ఐజీజీ రకాన్నే మాయలున్న ఎఫ్‌సీఆర్ఎన్ అనే గ్రాహకం పట్టుకొని బిడ్డ దిక్కు దించుతది, ఐజీఎంను దించది. ధనుర్వాతం సూదితోటి తల్లిల పుట్టిన కాపుదల అట్లనే బిడ్డకు చేరుతది. అదే దారిల తల్లి తయారుచేసుకున్న యాంటీ-డి, అంటే డి మీదవడే యాంటీబాడీ, కూడా పోయి పాజిటివ్ బిడ్డ నెత్తురు కణాలను పాడుచేస్తది. అది మంచిదా చెడ్డదా, ఆ దారికి తెల్వది. సూదిలది కూడా ఐజీజీయే, కొంచెం బిడ్డకు పోతదట. కానీ ఆ మోతాదు బిడ్డను బాధపెట్టేటంత ఉండదు. తల్లి నెత్తుర్ల తప్పిపోయి తిరిగే బిడ్డ కణాలను, ఆమె ఒళ్లు గుర్తువట్టకముందే తీసేస్తది.

వదిన తెలివి తక్కువది కాదు. నేనే ఎప్పుడూ ఆమె మాటల చివరిదాకా వినను. అయినా గంతమంది ముందట దోషమనుడేంది!

ఇంకొకటి. మనదగ్గర నూటికి అయిదారుగురే నెగెటివ్. బిడ్డ నెగెటివ్ కావాల్నంటే ఇద్దరి దగ్గర నుంచీ డి లేని వాటానే రావాలె. ఆయన పాజిటివే గని చిన్నదానికి ఆయన నుంచి వచ్చింది ఉత్త చెయ్యే. అంటే సగం దోషం వదిన తమ్మునిదే.

పొద్దున ఫోన్ చెయ్యాలె. సూది సంగతి ముందు చెప్పాల్నా, తమ్ముని సంగతి ముందు చెప్పాల్నా, ఇంకా తెగలే.