డేటోనా ఇసుక

అమెరికాలో ఫ్లోరిడాలోని డేటోనాలో ఏటా జరిగే బైకుల పండగ, డేటోనా బైక్ వీక్‌కి వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ మెయిన్ స్ట్రీట్ ఫొటోలే పెడతారు. నేనూ తీశాను, కాదనను. మార్చి మొదట్లో ఆ పది రోజులూ వీధికి రెండు పక్కలా బైకులు అద్దానికి అద్దం రాసుకుంటూ నిలబడి ఉంటాయి. మధ్యలో మిగిలిన జాగాలో ఇంకో వరస బైకులు పాకుతుంటాయి. మా బావగారికి అదే స్వర్గం. ఆయనది పెద్ద హార్లీ. నాది కవాసాకి వల్కన్, ఆ గోలలో దాని చప్పుడు నాకే వినబడదు. "బండి ఆగిపోయినట్టుంది, చూసుకో అమ్మాయ్" అని ప్రతి సిగ్నల్ దగ్గరా అదే జోకు.

21 ఏళ్లు దాటి, కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉంటే ఫ్లోరిడాలో హెల్మెట్ అక్కర్లేదు. కళ్లకి మాత్రం రక్షణ ఉండి తీరాలి. నేను హెల్మెట్ తియ్యలేదు. బావగారు తీశారు. సాయంత్రానికి ఆయన నుదురు ఎండకి కందిపోయింది. అక్కకి ఫోన్ చేసి చెప్పింది నేనే.

మెయిన్ స్ట్రీట్‌లో నాకు నచ్చింది ఒక్కటే: బూట్ హిల్ సెలూన్ అనే బారు. దానికి ఎదురుగా శ్మశానం. ఎదుటివైపు కంటే ఇక్కడే నయం, ఇంకో రౌండ్ చెప్పండి అన్నది ఆ బారు వాళ్ల నినాదం. రోజంతా హెల్మెట్ లేకుండా తిరిగినవాళ్లకి అక్కడ పోస్తున్నారు మరి!

అసలు సంగతి బీచ్ మీద ఉంది. డేటోనాలో సముద్రపు ఒడ్డునే బండి నడపనిస్తారు. టికెట్ కొనుక్కుని, గంటకు 10 మైళ్లు దాటకుండా పోవాలి. ఇసుకలో చక్రం జారుతుందేమోనని మొదట పిడికిళ్లు బిగబట్టాను. జారలేదు. అలలు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ బయటపడే నేల దాదాపు రోడ్డంత గట్టిది. ఇసుక రేణువులు చాలా సన్నం, తడికి ఒకదాన్నొకటి పట్టుకుని అణిగిపోతాయి. ఒడ్డు వాలు తక్కువ కాబట్టి ఆ తడి పట్టీ చాలా వెడల్పు. బండి ఆపేటప్పుడు మాత్రం దిగబడకుండా సైడ్ స్టాండ్ కింద ఏదో ఒకటి పెట్టుకోవాలి. నా దగ్గర ప్లాస్టిక్ బిళ్ల ఉంది, బావగారు కోక్ డబ్బా తొక్కి పెట్టారు.

ఈ జనం, ఈ బారులు, ఈ తోలు జాకెట్లు అన్నీ ఆ గట్టి ఇసుక వల్లే వచ్చాయి. పక్కనే ఉన్న ఆర్మండ్ బీచ్‌లో 1907లో గ్లెన్ కర్టిస్ తను కట్టుకున్న ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ మోటార్‌సైకిల్ మీద గంటకు 136 మైళ్లు దాటాడు. 1937లో 200 మైళ్ల మోటార్‌సైకిల్ రేసు, తొలి డేటోనా 200, జరిగింది. 3.2 మైళ్ల చుట్టు: ఒకవైపు బీచ్, ఇంకోవైపు తారు రోడ్డు, రెండు కొసల్లో ఇసుక మలుపులు. ఇండియన్ బండి మీద ఎడ్ క్రెట్జ్ గెలిచాడు. రేసు ఎన్నింటికి మొదలవాలో సముద్రపు ఆటుపోట్లు చూసి పెట్టుకునేవాళ్లట. 1961లో రేసు స్పీడ్‌వేకి, అంటే రేసుల కోసం కట్టిన ట్రాక్‌కి, మారింది. జనం మాత్రం ఇప్పటికీ ఒడ్డుకొస్తారు.

మర్నాడు ఉత్తరానికి బయల్దేరాం. ముందు ఆర్మండ్ దగ్గర అందరూ "ది లూప్" అనే దారి. ఓక్ చెట్లు రోడ్డు మీదికి వంగి, కొమ్మలకి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంటుంది. మలుపులు పెద్దగా లేవు, ఫ్లోరిడాలో అంతకంటే ఆశించకూడదు కూడా. నీడ మాత్రం బ్రహ్మాండం.

ఆ తర్వాత సముద్రం వెంబడి పోయే ఎ1ఎ రోడ్డు పట్టుకున్నాం. ఫ్లాగ్లర్ బీచ్ చేరేసరికి సముద్రం కుడిపక్కనే, మధ్యలో హోటళ్ల అడ్డు లేదు. 2016లో మాథ్యూ తుపాను ఈ రోడ్డులో కొంత భాగాన్ని కోసేసింది. డేటోనాతో పోలిస్తే ఇక్కడ ఇసుక రంగే వేరు. నారింజ రంగు, గరుకు, నిండా గవ్వల ముక్కలు. చెప్పులు తీసి నాలుగడుగులు వేస్తే మడమ దిగబడింది. డేటోనాకి ఇంత దగ్గరలో ఉండి కూడా రేసులు ఇక్కడెందుకు జరగలేదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బావగారు సముద్రం వంక చూస్తూ శాండ్‌విచ్ తింటున్నారు. "ఇసుకలో ఏముంది చూడ్డానికి?" అన్నారు. "మీ పండగకి మూలమే అది బావా" అన్నాను. పట్టించుకోలేదు.

ఈ గవ్వల ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని రాయి అయితే దాన్ని కొకీనా అంటారు, చూడ్డానికి అచ్చం పల్లీ చిక్కీ. ఇంకా ఉత్తరాన మేం చేరిన ఊరు సెయింట్ అగస్టీన్‌లో స్పానిష్ వాళ్లు 1672లో మొదలుపెట్టిన కోట, కాస్టియో డి సాన్ మార్కోస్, ఆ రాయితోనే కట్టారు. 1702లో ఇంగ్లీషు వాళ్లు ముట్టడించినప్పుడు ఫిరంగి గుండ్లకి గోడలు పగల్లేదు, గుండ్లు లోపలికి దిగి అక్కడే ఉండిపోయాయి. మెత్తదనమే కాపాడిందన్నమాట. ఆ గోడ దగ్గర బావగారు కూడా కాసేపు నిలబడ్డారు, ఫిరంగుల మాట వచ్చింది కాబట్టి.

తిరుగు ప్రయాణం ఐ-95 హైవే మీద. లారీల గాలి తప్ప రాయడానికేం లేదు. వెళ్లాలనుకునేవాళ్లు హోటల్‌తోపాటు ఆటుపోట్ల వేళలు కూడా చూసుకోండి. పోటు మీదుంటే బీచ్ మీద బండికి చోటుండదు. బీచ్ ఎక్కిన రోజు రాత్రే మంచినీళ్లతో బండి కడిగెయ్యండి, చెయిన్ ఉన్న బండైతే నూనె కూడా వెయ్యండి. ఉప్పు తెల్లారేదాకా ఆగదు.